అమెరికా ప్రభుత్వ పనుల్లో చిన్న సంస్థకు మెంటర్: దరఖాస్తుకు ముందు నుంచి ఒప్పందం ముగిసేదాకా

డల్లాస్, న్యూజెర్సీ, సియాటిల్ చుట్టుపక్కల సొంతంగా కాంట్రాక్టింగ్ కంపెనీనో, ఇద్దరు ముగ్గురు ఇంజినీర్లతో కన్సల్టింగ్ ఆఫీసునో నడుపుతున్న తెలుగువాళ్లకు ఇళ్ల పనులు, దుకాణాల రిపేర్లు, ప్రైవేటు డెవలపర్ల డ్రాయింగులు దొరుకుతూనే ఉంటాయి. స్కూలు భవనం, హైవే వంతెన, ఎయిర్‌పోర్టులో తనిఖీ పని లాంటివి మాత్రం దక్కవు. ఇంతకుముందు ప్రభుత్వ పని చేశారా అని అడుగుతారు. చేయలేదంటే ఇవ్వరు. ఇవ్వకపోతే చేసిన రికార్డు ఎప్పటికీ రాదు.

ఈ చిక్కు అక్కడి ప్రభుత్వ సంస్థలకూ తెలుసు. బిడ్ వేసేవాళ్లు తగ్గిపోతే ధరలు పెరిగి నష్టపోయేది అవే. అందుకే రవాణా శాఖలు, స్కూళ్ల నిర్మాణ సంస్థలు, స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ (ఇకపై ఎస్‌బీఏ) రకరకాల మెంటర్ కార్యక్రమాలు పెట్టాయి. చాలాచోట్ల ఒక సంస్థ డబ్బు ఇస్తే, ఇంకోటి శిక్షణ ఇస్తుంది, మూడోది పని ఇస్తుంది. పెద్ద కంపెనీ మెంటర్, చిన్న కంపెనీ ప్రొటెజీ. చేరడం పెద్ద కష్టమేమీ కాదు. చేరిన రెండేళ్ల తర్వాత చేతిలో ఏమైనా మిగలాలంటే మాత్రం ఏం లేదని చేరుతున్నారో మొదటే తెలిసి ఉండాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

1. మీకు లేనిది ఏమిటో తేల్చుకోండి

ప్రభుత్వ పని రాకపోవడానికి సాధారణంగా మూడే కారణాలు: చేసిన పనుల రికార్డు లేకపోవడం, బాండ్ (పని పూర్తి చేస్తారని ఇంకో కంపెనీ ఇచ్చే పూచీ) దొరకకపోవడం, బిల్లు వచ్చేదాకా జీతాలు ఇచ్చే నగదు లేకపోవడం. కన్సల్టింగ్ వాళ్లకు బాండ్ సమస్య ఉండదు కానీ, దాని స్థానంలో ఆడిట్‌కు నిలబడే ఓవర్‌హెడ్ రేటు (పరోక్ష ఖర్చుల శాతం) లేకపోవడం అనే ఇంకో సమస్య ఉంటుంది.

"నెట్‌వర్కింగ్ కోసం" అని మెంటర్ కార్యక్రమంలో చేరేవాళ్లను చూస్తుంటాం. వాళ్లకు దొరికేది నెట్‌వర్కింగే. నెలకోసారి కాఫీ, సంవత్సరానికోసారి ఫొటో. అలాకాకుండా "నాకు పది లక్షల డాలర్ల పనికి బాండ్ కావాలి, ఇప్పుడు రెండున్నర లక్షలకే ఇస్తున్నారు" అని చెప్పగలిగితే ఎదుటివాడికి కూడా ఏం చేయాలో తెలుస్తుంది. కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి, అందులో ఒక అంకె ఉండాలి.

2. ఏ రకం కార్యక్రమమో చూడండి

పేర్లన్నీ ఒకేలా వినిపిస్తాయి గానీ లోపల పని చేసే తీరు వేరు.

మొదటి రకంలో ప్రభుత్వ సంస్థే పని ఇస్తూ నేర్పిస్తుంది. న్యూయార్క్ నగరంలో స్కూళ్లు కట్టే స్కూల్ కన్‌స్ట్రక్షన్ అథారిటీ 1994 నుంచి ఇలాంటిది నడుపుతోంది. సబ్‌వేలు, బస్సులు నడిపే ఎంటీఏకీ ఒకటి ఉంది. చిన్న చిన్న పనులను పక్కకు తీసి, కార్యక్రమంలో ఉన్న కంపెనీల మధ్యే పోటీ పెడతారు. పక్కన ఒక కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ సంస్థను నియమించి షెడ్యూలు, బిల్లింగు, భద్రత నియమాలు దగ్గరుండి చూపిస్తారు. కొంతకాలం బాగా చేస్తే పై మెట్టులోని పెద్ద పనులకు పంపిస్తారు. రికార్డు లేనివాళ్లకు నా దృష్టిలో ఇంతకు మించినది లేదు, ఎందుకంటే ఇక్కడ మీరు ఇంకో కంపెనీ కింద చేసే సబ్ కాదు, నేరుగా కాంట్రాక్టు పొందే ప్రైమ్. కాంట్రాక్టు మీ పేరు మీదే ఉంటుంది.

రెండో రకంలో సంస్థ జోడీ కలుపుతుంది, పని హామీ ఇవ్వదు. కాలిఫోర్నియా రవాణా శాఖ వాళ్ల కాల్‌మెంటర్ ఇలాంటిదే. ఇది ఆర్కిటెక్చర్, ఇంజినీరింగ్ సంస్థలకు మాత్రమే. వాషింగ్టన్ రాష్ట్ర రవాణా శాఖ నడిపే కెపాసిటీ బిల్డింగ్ మెంటర్‌షిప్‌లో నిర్మాణ కంపెనీలకూ, కన్సల్టింగ్ కంపెనీలకూ చోటుంది. బెల్‌వ్యూ, బాథెల్ వైపు ఉన్న మనవాళ్లు దాన్ని చూడొచ్చు. కన్సల్టింగ్ వాళ్లకు ఈ రకం బాగా నప్పుతుంది. కారణం 6వ అంశంలో చెబుతాను.

మూడోది ఎస్‌బీఏ వారి మెంటర్-ప్రొటెజీ ప్రోగ్రామ్, ఫెడరల్ పనుల కోసం. ఇందులో అసలు బలం జాయింట్ వెంచర్, అంటే మెంటర్, ప్రొటెజీ కలిసి పెట్టే ఉమ్మడి సంస్థ. ఎంత పెద్ద మెంటర్‌తో కలిసినా, ప్రొటెజీ చిన్నదైతే చాలు, ఆ జాయింట్ వెంచర్ చిన్న సంస్థలకు కేటాయించిన పనులకు బిడ్ వేయొచ్చు. రక్షణ శాఖకు వేరే కార్యక్రమం ఉంది. అందులో మెంటర్ పెట్టిన ఖర్చును ఆ శాఖే తిరిగి చెల్లించే వీలుంది.

ఇవి కాక ఉచిత సలహా సంస్థలున్నాయి: స్కోర్ వాలంటీర్లు, స్మాల్ బిజినెస్ డెవలప్‌మెంట్ సెంటర్లు, ఒకప్పుడు పీటాక్ అని పిలిచిన ఏపెక్స్ యాక్సిలరేటర్లు. వీళ్లు మెంటర్ కార్యక్రమానికి బదులు కాదు, దానికి ముందు మెట్టు. ఏపెక్స్ వాళ్లకు డబ్బు కట్టనక్కర్లేదు. అదే పనికి వేల డాలర్లు తీసుకునే ఏజెంట్ల దగ్గరికి వెళ్లేముందు ఒకసారి అక్కడికి వెళ్లి రండి.

3. యజమాని ఎవరు అన్నదాని దగ్గర జాగ్రత్త

ఇది మనవాళ్లు చాలా తేలిగ్గా తీసుకునే అంశం, ఎక్కువ దెబ్బతినేదీ ఇక్కడే.

పౌరసత్వంతో మొదలుపెడదాం. ఫెడరల్ రవాణా నిధులతో జరిగే పనుల్లో, ప్రతికూలత ఎదుర్కొన్న యజమానుల చిన్న సంస్థలకు ఇచ్చే డీబీఈ అనే గుర్తింపుకు యజమాని పౌరుడైనా అయి ఉండాలి, గ్రీన్ కార్డైనా ఉండాలి. అలాంటి యజమానుల కోసమే ఎస్‌బీఏ నడిపే 8(ఏ) కార్యక్రమానికి, మహిళా సంస్థల గుర్తింపుకు పౌరసత్వమే కావాలి, గ్రీన్ కార్డు సరిపోదు. ఊరికే "చిన్న సంస్థ" అనిపించుకోవడానికి పౌరసత్వం షరతు లేదు. మెంటర్-ప్రొటెజీ ప్రోగ్రామ్‌కు కావాల్సింది ఆ చిన్న సంస్థ హోదాయే. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు సొంత కంపెనీలో పని చేయవచ్చా అన్నది ఇమ్మిగ్రేషన్ లాయరు తేల్చాల్సిన సంగతి, ముందు అది తేల్చుకోండి.

ఇక భార్య పేరు మీద కంపెనీ పెట్టడం. ఆవిడ నిజంగా నడుపుతుంటే చాలా మంచిది. పేరు ఆవిడది, బిడ్లు ఆయనవి అయితే మాత్రం అది మోసం కిందికి వస్తుంది. తనిఖీకి వచ్చేవాళ్లు యజమానిని విడిగా కూర్చోబెట్టి అడుగుతారు: మొన్నటి బిడ్‌లో లేబర్ రేటు ఎంత వేశారు? ఈ సబ్‌ను ఎవరు ఎంచుకున్నారు? చెక్కుల మీద సంతకం ఎవరిది? సైటులో గొడవైతే ఎవరు వెళ్తారు? వీటికి "మా ఆయనను అడగాలి" అనే జవాబు వస్తే అక్కడితో కథ అయిపోయినట్టే. 2010 చట్టం ప్రకారం, తప్పుడు హోదా చెప్పి ఫెడరల్ కాంట్రాక్టు తెచ్చుకుంటే ఆ కాంట్రాక్టు మొత్తం విలువను ప్రభుత్వానికి జరిగిన నష్టంగా లెక్కకట్టవచ్చు. పని అంతా శుభ్రంగా చేసి ఇచ్చినా సరే.

డీబీఈ విషయంలో పాత వ్యాసాలను నమ్మకండి. 2025 అక్టోబర్ 3 నుంచి నియమం మారింది. అంతకుముందు ఫలానా జాతి వారు, మహిళలు అయితే వెనకబాటు ఉన్నట్టే భావించేవారు. దక్షిణాసియా మూలాలున్న మనవాళ్లూ ఆ జాబితాలో ఉండేవారు. ఇప్పుడు ఆ భావన తీసేశారు. ఎవరికి వారు తమకు ఎదురైన ఆర్థిక, సామాజిక ప్రతికూలతను ఆధారాలతో రాసి చూపించాలి. పాత సర్టిఫికెట్ ఉన్నవాళ్లను కూడా తిరిగి పరిశీలిస్తున్నారు. 8(ఏ)లో కూడా 2023 నాటి కోర్టు తీర్పు తర్వాత ఇదే పద్ధతి వచ్చింది. అందువల్ల మెంటర్ కార్యక్రమానికి డీబీఈ ఒక్కదాన్నే ఆధారం చేసుకోకండి. చాలా ప్రభుత్వ సంస్థలు పరిమాణం మాత్రమే చూసే "చిన్న సంస్థ" జాబితా కూడా పెట్టుకున్నాయి, అందులోనూ నమోదు కండి.

పరిమాణం అంటే ఎంత? ఎస్‌బీఏ 2022లో సవరించిన లెక్కల ప్రకారం భవన నిర్మాణంలో ఏడాది రాబడి 4.5 కోట్ల డాలర్ల దాకా, ఇంజినీరింగ్ సేవల్లో 2.55 కోట్ల డాలర్ల దాకా చిన్న సంస్థే. అయిదేళ్ల సగటు తీసుకుంటారు. మీకు ఇంకో కంపెనీ ఉంటే దాని రాబడినీ కలుపుతారు. బావమరిదితో కలిసి నడిపే పెట్రోలు బంకు కూడా ఇందులోకి రావచ్చు.

4. నమోదులు: ఒక వారాంతం పని

ఫెడరల్ పనులకు వచ్చే కంపెనీలు నమోదయ్యే ప్రభుత్వ వెబ్‌సైట్ సామ్.గవ్‌లో నమోదు ఉచితం. అక్కడ ఇచ్చే 12 అక్షరాల యూఈఐ అనే కంపెనీ గుర్తింపు సంఖ్య లేకుండా ఫెడరల్ పనికి అడుగు పడదు. నమోదు కాగానే "రిజిస్ట్రేషన్ పూర్తి చేస్తాం, 600 డాలర్లు కట్టండి" అని ఈమెయిళ్లు మొదలవుతాయి. ప్రభుత్వం వాళ్లవి అనిపించేలా ఉంటాయి, కానీ కావు. ప్రతి ఏటా రెన్యువల్ తేదీ క్యాలెండర్‌లో పెట్టుకోండి. కంపెనీ పేరు, చిరునామా అన్నిచోట్లా అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. "శ్రీ" ముందు ఉందా వెనక ఉందా అన్నదాని మీద కూడా దరఖాస్తు ఆగిపోతుంది.

కంపెనీ ఏం చేస్తుందో ఒకే పేజీలో చెప్పే కేపబిలిటీ స్టేట్‌మెంట్ తయారు చేసుకోండి. అన్నీ చేస్తాం అని రాయకండి. "స్కూళ్లలో రాత్రిపూట కాంక్రీట్ మరమ్మతులు" అని రాసినవాడిని పిలుస్తారు గానీ "సివిల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్, ఐటీ" అని రాసినవాడిని ఎవరూ పిలవరు.

5. కాంట్రాక్టర్లకు: బాండ్

మన రాష్ట్రాల్లో టెండరు వేసి వచ్చినవాళ్లకు ఈఎండీ (టెండరు డిపాజిట్), బ్యాంకు గ్యారంటీ అలవాటు. డబ్బు బ్యాంకులో ఇరుక్కుంటుంది, అంతే. అమెరికాలో షూరిటీ కంపెనీ మీ తరఫున పూచీ పడుతుంది. మీరు డిపాజిట్ పెట్టనక్కర్లేదు, సాధారణంగా కాంట్రాక్టు విలువలో ఒకటి నుంచి మూడు శాతం ప్రీమియం కడతారు. కానీ మీరు పని వదిలేస్తే షూరిటీ కట్టిన ప్రతి డాలరూ మీ దగ్గర వసూలు చేస్తుంది. యజమానితో పాటు జీవిత భాగస్వామి చేత కూడా సంతకం పెట్టించుకుంటారు, అంటే ఇల్లు కూడా ఇందులోకి వచ్చినట్టే. సంతకం పెట్టే ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

ఫెడరల్ నిర్మాణ పనుల్లో 1,50,000 డాలర్లు దాటితే పర్ఫార్మెన్స్ (పని పూర్తి చేస్తారని), పేమెంట్ (సబ్‌లకు, సరుకు ఇచ్చినవాళ్లకు డబ్బు కడతారని) బాండ్లు రెండూ తప్పనిసరి. రాష్ట్రాల్లో వాటి నియమాలు వాటికున్నాయి.

షూరిటీ మీ లెక్కల్లో మొదట చూసేది వర్కింగ్ క్యాపిటల్, అంటే ఏడాదిలోపు చేతికొచ్చే సొమ్ములోంచి ఏడాదిలోపు కట్టాల్సింది తీసేస్తే మిగిలేది. ఆ రంగంలో వాడే మోటు లెక్క ఏమిటంటే, దానికి పది రెట్ల దాకా పనులకు పూచీ ఇస్తారు. లక్షన్నర డాలర్లుంటే, చేతిలో ఉన్న పనులన్నీ కలిపి పదిహేను లక్షల దాకా. ఇక్కడే అసలు మెలిక ఉంది. మీ పుస్తకాల్లో ఉన్న అంకెను షూరిటీ ఉన్నదున్నట్టు తీసుకోదు. 90 రోజులు దాటిన బకాయిలు కొట్టేస్తుంది. యజమాని కంపెనీ నుంచి తీసుకుని ఇంకా తిరిగి ఇవ్వని సొమ్మునూ కొట్టేస్తుంది. హైదరాబాద్‌లోనో అమరావతిలోనో ప్లాటు కోసం కంపెనీ ఖాతా నుంచి తీసిన ఎనభై వేల డాలర్లు మీ సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) "యజమాని నుంచి రావాల్సినవి" అని ఆస్తిగానే చూపిస్తాడు. షూరిటీ లెక్కలో అది సున్నా. అంటే పది రెట్ల సూత్రం ప్రకారం ఎనిమిది లక్షల డాలర్ల పని చేజారినట్టు.

కాబట్టి మెంటర్‌ను వెతకడానికి ముందే ఈ మూడు పనులూ మొదలుపెట్టండి. నిర్మాణ రంగం తెలిసిన సీపీఏ చేత రివ్యూ చేసిన ఆర్థిక నివేదిక రాయించండి. ట్యాక్స్ రిటర్న్ ఒక్కటే చాలదు. నడుస్తున్న ప్రతి పనికీ ఒప్పందం విలువ, ఇప్పటిదాకా అయిన ఖర్చు, వేసిన బిల్లు, మిగిలిన ఖర్చు అంచనా చూపించే డబ్ల్యూఐపీ షెడ్యూలు ప్రతి నెలా తయారు చేయండి. ఇన్సూరెన్సులన్నీ అమ్మే ఏజెంట్ దగ్గరికి కాకుండా బాండ్లే వృత్తిగా ఉన్న ప్రొడ్యూసర్ దగ్గరికి వెళ్లండి.

షూరిటీ ఒప్పుకోకపోతే ఎస్‌బీఏ షూరిటీ బాండ్ గ్యారంటీ ఉంది. పని విలువను బట్టి, సంస్థ రకాన్ని బట్టి 80 లేదా 90 శాతం నష్టాన్ని ఎస్‌బీఏ భరిస్తుంది. 2024 నుంచి 90 లక్షల డాలర్ల కాంట్రాక్టు దాకా ఇది వర్తిస్తుంది. ఫెడరల్ పనుల్లో కాంట్రాక్టింగ్ ఆఫీసర్ అవసరమని ధ్రువీకరిస్తే 1.4 కోట్ల దాకా. 5 లక్షల లోపు పనులకు కాగితాలు తక్కువ అడిగే క్విక్‌యాప్ పద్ధతి ఉంది. కొత్తవాళ్లు దీనితోనే మొదలుపెట్టడం మేలు. మెంటర్ కార్యక్రమంలో ఉన్నారన్న సంగతి షూరిటీకి చెప్పండి. పక్కన అనుభవమున్న సంస్థ చూస్తోందంటే వాళ్లకు కాస్త ధైర్యం వస్తుంది.

6. కన్సల్టింగ్ వాళ్లకు: ఓవర్‌హెడ్ రేటు, టైమ్‌షీటు

ఫెడరల్ డిజైన్ పనుల్లో ధర చూసి ఎంపిక చేయరు. 1972 నాటి బ్రూక్స్ చట్టం ప్రకారం అర్హతలు చూసి ముందు ర్యాంకు ఇస్తారు, ఆ తర్వాతే మొదటి ర్యాంకు వాళ్లతో ఫీజు మాట్లాడతారు. చాలా రాష్ట్రాలూ ఇదే దారిలో ఉన్నాయి. అంటే తక్కువకు చేస్తాం అన్న మాట ఇక్కడ చెల్లదు. ఎవరితో కలిసి వచ్చారు, మీ ముఖ్యమైన ఇంజినీరు ఇదే రకం పని ఎన్నిసార్లు చేశాడు అన్నవే చూస్తారు. పని హామీ లేని జోడీ కార్యక్రమం కూడా కన్సల్టెంట్లకు ఉపయోగపడేది అందుకే. మెంటర్ తన ఎస్‌ఎఫ్ 330 ఫారంలో (డిజైన్ సంస్థలు అర్హతలు చూపించే ఫెడరల్ ఫారం) మిమ్మల్ని సబ్ కన్సల్టెంట్‌గా చేర్చిన రోజున మీ ఇంజినీరు రెజ్యూమె ఆ కమిటీ బల్ల మీదికి వెళ్తుంది.

జట్టులో చేరాక అడిగేది ఓవర్‌హెడ్ రేటు. అద్దె, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, ఆఫీసు సిబ్బంది జీతాలు, ఇన్సూరెన్సు లాంటి పరోక్ష ఖర్చులు నేరుగా పనిమీద పెట్టిన జీతంలో ఎంత శాతమో చూపించాలి. ఫెడరల్ నిబంధనలు కొన్ని ఖర్చులను ఒప్పుకోవు: మద్యం, వినోదం, విరాళాలు. తెలుగు సంఘం ఉగాది వేడుకలకు ఇచ్చిన స్పాన్సర్‌షిప్, గుడికి ఇచ్చిన చందా మంచి పనులే, కానీ ఈ లెక్కలోకి రావు. వాటిని వేరే ఖాతా కింద మొదటి రోజు నుంచే విడదీసి రాయించండి. మూడేళ్ల తర్వాత ఆడిటర్ ముందు కూర్చుని ఏరడం నరకం.

ఇక టైమ్‌షీటు. యజమానితో సహా ప్రతి ఒక్కరూ ఏ రోజు ఏ పనికి ఎన్ని గంటలు పెట్టారో అదే రోజు రాయాలి. "నేను ఓనర్ని, నాకెందుకు" అనుకునేవాళ్లే ఎక్కువ. మీ గంటలు రాయకపోతే మీ జీతం మొత్తం ఓవర్‌హెడ్‌లో పడి రేటు ఆకాశాన్నంటుతుంది. అప్పుడు మెంటరే మిమ్మల్ని జట్టులో పెట్టుకోవడానికి వెనకాడతాడు. కొన్ని రాష్ట్రాల్లో కొత్త సంస్థలకు ముందే నిర్ణయించిన సేఫ్ హార్బర్ రేటు వాడుకునే వీలుంది. సొంత రేటు తేలేదాకా అది చాలా ఉపయోగం.

7. మెంటర్‌ను వెతకడం

కొన్ని కార్యక్రమాల్లో సంస్థే జోడీ కలుపుతుంది. ఎస్‌బీఏలో మాత్రం మెంటర్‌ను మీరే వెతుక్కుని దరఖాస్తు పెట్టాలి. ఒక మెంటర్‌కు ఒకే సమయంలో ముగ్గురు ప్రొటెజీలకు మించి ఉండకూడదు. కాబట్టి మంచి మెంటర్ల దగ్గర ఖాళీ అరుదు.

ఎక్కడ వెతకాలి? మీరు ఇప్పటికే సబ్‌గా పని చేసిన ప్రైమ్ దగ్గర. మీ పని చూసినవాడు, మీకు సమయానికి డబ్బు ఇచ్చినవాడు. కాన్ఫరెన్సులో కార్డు ఇచ్చిన పేరున్న కంపెనీ కన్నా ఇతను నయం. అలాంటివాళ్లు ఎవరూ లేకపోతే ప్రభుత్వ సంస్థల ప్రీ-బిడ్ సమావేశాలకు వెళ్లండి. వచ్చినవాళ్ల సంతకాల జాబితా ఉంటుంది. ఏ ప్రైమ్‌లు మీ ఊళ్లో మీ రకం పనికి వస్తున్నారో అందులో తెలిసిపోతుంది.

మాట్లాడేటప్పుడు అడగాల్సినవి: ఇంతకుముందు ప్రొటెజీలు ఎవరు, వాళ్లు ఇప్పుడు ఏ స్థాయి పనులు చేస్తున్నారు, మాతో రోజూ మాట్లాడేది ఎవరు. చివరి ప్రశ్నకు "మా డైవర్సిటీ విభాగం" అన్న జవాబు వస్తే సందేహించండి. ఎస్టిమేటరో ప్రాజెక్టు మేనేజరో దొరికితేనే నేర్చుకునేది ఉంటుంది. పాత ప్రొటెజీలకు ఫోన్ చేసి బిల్లులు ఎన్ని రోజులకు వచ్చేవని అడగండి. ఈ ఒక్క ప్రశ్న మిగతావన్నీ చెప్పేస్తుంది.

అవతలివైపు నుంచి కూడా ఆలోచించండి. ఆయనకు మీ వల్ల లాభమేమిటి? చిన్న సంస్థలకే పరిమితమైన పనుల్లోకి దారి, నమ్మకమైన సబ్, మీరున్న కౌంటీలో మనుషులు. ఇది సేవ కాదు, వ్యాపారం. "అన్నా, కాస్త చూసుకోండి" అనే ధోరణిలో వెళ్తే గౌరవంగా కాఫీ ఇచ్చి పంపించేస్తారు.

8. ఒప్పందంలో ఏం రాయాలి

ఎస్‌బీఏ ఒప్పందం ఆరేళ్ల దాకా ఉండొచ్చు. దరఖాస్తుకు ముందు మెంటర్, ప్రొటెజీ ఇద్దరూ ఆన్‌లైన్ పాఠం పూర్తి చేయాలి. మీ వ్యాపార ప్రణాళికను కూడా జత చేయాలి. సాయం ఏ రకంగా ఇస్తారో చెప్పడానికి ఆరు విభాగాలుంటాయి: యాజమాన్య-సాంకేతిక సాయం, ఆర్థిక సాయం, కాంట్రాక్టింగ్, అంతర్జాతీయ వాణిజ్య శిక్షణ, వ్యాపారాభివృద్ధి, సాధారణ పరిపాలన. ఆరూ నింపాలన్న ఉబలాటం వద్దు. మీకు లేనిది ఏదో దానికి సంబంధించిన ఒకటి రెండు గట్టిగా రాయండి.

గట్టిగా అంటే ఇలా. "మెంటర్ ఎస్టిమేటింగ్‌లో సాయం చేస్తుంది" అన్నది గాలిమాట. "మెంటర్ చీఫ్ ఎస్టిమేటర్ మొదటి ఏడాదిలో ప్రొటెజీ తయారుచేసిన నాలుగు బిడ్లను సమర్పించడానికి వారం ముందు చూసి, లైను లైనుకూ వ్యాఖ్యలు రాసి ఇస్తారు" అంటే అది పని. ఏడాది తిరగ్గానే ఎస్‌బీఏకు నివేదిక ఇవ్వాలి. అప్పుడు జరిగిందా లేదా అని చెప్పడానికి ఇలాంటి వాక్యాలే ఆధారం.

మెంటర్ మీ కంపెనీలో 40 శాతం దాకా వాటా తీసుకోవచ్చని నియమం ఒప్పుకుంటుంది. ఒప్పుకుంటుంది కదా అని ఇవ్వనక్కర్లేదు. బాండ్ కోసం పెట్టుబడి వస్తుందంటే ఆలోచించవచ్చు గానీ, ఒప్పందం ముగిశాక ఆ వాటాను మీరు ఏ ధరకు తిరిగి కొనుక్కోవచ్చో ముందే రాసుకోకపోతే తర్వాత గొంతు మీద కత్తి. ఇందుకు సొంత లాయరును పెట్టుకోండి, మెంటర్ లాయరు తయారు చేసిన కాగితం మీద నేరుగా సంతకం చేయకండి.

9. జాయింట్ వెంచర్: అంకెలతో

ఎస్‌బీఏ కార్యక్రమంలో జాయింట్ వెంచర్ వేరే కంపెనీగా ఏర్పడితే అందులో ప్రొటెజీకి కనీసం 51 శాతం ఉండాలి. నడిపేది ప్రొటెజీయే, బాధ్యత వహించే మేనేజరు ప్రొటెజీ ఉద్యోగే అయి ఉండాలి. జాయింట్ వెంచర్‌కు సామ్‌లో వేరే నమోదు, వేరే బ్యాంకు ఖాతా ఉండాలి. సొమ్ము తీయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి.

కోటి డాలర్ల భవన నిర్మాణ పని వచ్చిందనుకోండి. చిన్న సంస్థలకు కేటాయించిన సాధారణ నిర్మాణ పనుల్లో 85 శాతానికి మించి పెద్ద కంపెనీలైన సబ్‌లకు ఇవ్వకూడదు. అంటే, మెటీరియల్ ఖర్చు లెక్క పక్కన పెడితే, జాయింట్ వెంచర్ కనీసం 15 లక్షల డాలర్ల పని స్వయంగా చేయాలి. అందులో కనీసం 40 శాతం, అంటే 6 లక్షల పని ప్రొటెజీ చేయాలి. అదీ ఆఫీసు కాగితాల పని అయితే చాలదు, సైటులో జరిగే అసలు పనిలో భాగం ఉండాలి. సర్వీసుల కాంట్రాక్టుల్లో పరిమితి 85 కాదు, 50 శాతం. కాబట్టి కన్సల్టింగ్‌లో మీ వాటా చాలా ఎక్కువ అవుతుంది, అంతమంది మనుషులు మీ దగ్గర ఉన్నారా అని బిడ్‌కు ముందే చూసుకోవాలి.

ఓడిపోయిన పోటీదారు ఈ అంకెల మీదే ఫిర్యాదు చేస్తాడు. నెల నెలా ఎవరు ఎంత చేశారో లెక్క రాసి పెట్టుకుంటే భయపడనక్కర్లేదు.

10. పని మొదలయ్యాక

2,000 డాలర్లు దాటిన ఫెడరల్ నిర్మాణ పనిలో డేవిస్-బేకన్ వేతనాలు (ఆ ప్రాంతంలో ఆ పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస రేట్లు) ఇవ్వాలి, ప్రతి వారం సర్టిఫైడ్ పేరోల్ (ఎవరికి ఎంత ఇచ్చారో ధ్రువీకరించిన జీతాల పట్టిక) పంపాలి. ఒక మనిషి పొద్దున మేస్త్రీ పని, మధ్యాహ్నం కూలి పని చేస్తే రెండు రేట్లూ విడిగా రాయాలి. చాలా చిన్న కంపెనీల బిల్లులు ఆగిపోయేది పని బాగోలేక కాదు, ఈ కాగితం సరిగా లేక. మొదటి నెల పేరోల్ పంపేముందు మెంటర్ ఆఫీసులో ఆ పని చూసే ఉద్యోగి పక్కన కూర్చుని చేయండి.

డబ్బు రాక మీద గడువులున్నాయి. ఫెడరల్ నిర్మాణంలో ప్రైమ్‌కు ప్రోగ్రెస్ బిల్లు (జరిగినంత పనికి వేసే బిల్లు) డబ్బు 14 రోజుల్లో, అది అందాక సబ్‌కు 7 రోజుల్లో చేరాలి. రవాణా శాఖ నిధులున్న పనుల్లో ప్రైమ్‌కు డబ్బు అందిన 30 రోజుల్లోపు సబ్‌కు ఇవ్వాలి. మెంటరే ప్రైమ్ అయినప్పుడు అడగడానికి మొహమాటపడతారు. మొహమాటపడకండి. గడువు దాటిన మర్నాడే మర్యాదగా ఈమెయిల్ రాయండి. అప్పటికీ రాకపోతే కార్యక్రమం నడిపే ప్రభుత్వ అధికారికి చెప్పండి. వాళ్లు ఉన్నది అందుకే.

సబ్‌గా చేసిన పనికి రికార్డు తెచ్చుకోవడం చాలామందికి తెలియదు. సబ్‌కాంట్రాక్టింగ్ ప్రణాళిక ఉన్న పెద్ద ఫెడరల్ కాంట్రాక్టులో మొదటి అంచె సబ్‌గా పని చేస్తే, పని ముగిసిన 30 రోజుల్లోపు ప్రైమ్‌ను పనితీరు రేటింగ్ అడగవచ్చు. ప్రైమ్ 15 రోజుల్లో ఇవ్వాలి. ఆ కాగితాన్ని తర్వాత మీ సొంత బిడ్‌లో జతచేయవచ్చు. రికార్డు లేదన్న సమస్యతో వచ్చినవాళ్లు ఈ 30 రోజులు వదులుకుంటే, చేసిన పనికి సగం ఫలితం పోయినట్టే.

11. కుదరకపోతే

అన్ని జోడీలూ కుదరవు. మెంటర్ కంపెనీలో మీతో పనిచేసే మనిషి మానేస్తాడు, కంపెనీని ఇంకొకరు కొనేస్తారు, లేదా సమావేశాలు నెలల తరబడి వాయిదా పడతాయి. ఎస్‌బీఏ ఒప్పందాన్ని 30 రోజుల ముందు నోటీసుతో ఎవరైనా ముగించవచ్చు. ఒక ప్రొటెజీకి జీవితకాలంలో ఇద్దరు మెంటర్లకే అవకాశం. అయితే మొదటి 18 నెలల్లోపే ఒప్పందం ముగిస్తే ఆ మెంటర్‌ను ఎస్‌బీఏ ఆ ఇద్దరిలో లెక్కించకపోవచ్చు. అందువల్ల పదిహేనో నెల దగ్గర క్యాలెండర్‌లో ఒక గుర్తు పెట్టుకోండి. ఆ రోజు 1వ అంశంలో రాసుకున్న అంకె తీసి చూడండి. బాండ్ రెండున్నర లక్షల నుంచి కదిలిందా, సొంత ఓవర్‌హెడ్ రేటు వచ్చిందా, పనితీరు కాగితం ఒకటైనా చేతికొచ్చిందా. ఏదీ లేకపోతే, 30 రోజుల నోటీసు పోగా, నోటీసు రాయడానికి ఇంకా రెండు నెలల సమయం ఉంటుంది. నడుస్తున్న జాయింట్ వెంచర్ కాంట్రాక్టులు ఉంటే మాత్రం అవి పూర్తి చేయాల్సిందే. ఆ బాధ్యత ఒప్పందంతో పాటు ముగిసిపోదు.